కుడిపక్క సీటు

మొన్న కరీంనగర్‌లో ఒక ఫంక్షన్ హాలు ముందు రెండు మస్టాంగ్ కార్లను పక్కపక్కన నిలిపి, వాటి మధ్య నన్ను నిలబెట్టి ఫొటో తీశారు. ఒకటి పాతది, ఇంకొకటి కొత్తది. ఆ ఫొటోలో నేను నవ్వుతున్నానని చూసినవాళ్ళు చెప్పారు. నవ్వే ఉంటాను. ఫోన్లు పట్టుకున్న పిల్లలు నవ్వమన్నారు కాబట్టి పెదాలు వాటంతట అవే కదిలి ఉంటాయి. అంతకు కొద్దిసేపటి ముందే నేను ఆ పాత బండి తలుపు దగ్గర వంగి లోపలికి చూశాను. చూసినప్పటి నుంచి నా ముఖం మీద ఏముందో నాకు తెలియదు.

నన్ను పిలిచిన అబ్బాయి పేరు నిఖిల్. హుజూరాబాద్‌లో ఒకప్పుడు పత్తి జిన్నింగు మిల్లు నడిపిన కాశయ్య సావుకారికి మనవడు. ఈ మధ్యే కొత్త మస్టాంగ్ కొన్నాడు. తాత గోదాములో గుడ్డ కప్పి ఉన్న పాత మస్టాంగును కూడా బయటికి తీసి, పుణె పంపించి బాగుచేయించి తెచ్చాడు. "పాత తరం, కొత్త తరం రెండూ ఒక్క దగ్గర పెడ్తున్నం మేడమ్. మీరు పాత ముచ్చట్లు మంచిగ రాస్తరు గద, వచ్చి జర నాలుగు మాటలు చెప్పాలె" అని ఫోన్ చేశాడు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన నాకు అమెరికా కార్ల గురించి ఏం తెలుసనుకున్నాడో గానీ, నాకు మాత్రం ఆ పేరు వినగానే చెంపలు వేడెక్కాయి. "మా ఇంట్ల గూడ ఒకప్పుడు గదే బండి ఉండె బాబూ" అన్నాను. "అంబాసిడరా మేడమ్?" అన్నాడు. కాదు, మస్టాంగే, ఆదిలాబాద్ దగ్గర మా ఊరు ఇచ్చోడలో అన్నాను. ఇచ్చోడలోనా అని అడిగి, పెద్దావిడ ఏదో పొరబడిందనుకుని, మర్యాదగా మాట మార్చాడు.

హాలు దగ్గర పాత బండి కుంకుమ రంగులో మెరుస్తోంది. దాని ముందు, కాశయ్య సావుకారి బొంబాయి నుంచి తెచ్చిన బండి అని బోర్డు పెట్టారు. మాది మైలుతుత్తం లాంటి నీలం. అందుకే మొదట నాకు ఏ అనుమానమూ రాలేదు. అదే రకం బండి అనుకుని ముచ్చటపడ్డానంతే. నిఖిల్ వచ్చినవాళ్ళకు ఉత్సాహంగా చూపిస్తున్నాడు. "ఇంజను ఒరిజినలే. బ్లాకుకు ఒక్క పగులు లేదు చూడండ్రి. మా తాత బొంబాయి నుంచి తెచ్చిండు." ఎడమవైపు తలుపు తీశాడు. స్టీరింగు అటే ఉంటుంది. కింద క్లచ్ పెడల్ మీద బోల్టులతో బిగించిన టేకుచెక్క ఉంది. నూనె తాగి నల్లబడింది. ఒక పక్క అరిగింది. ఎవరో అదేమిటని అడిగారు. "మా తాత జర పొట్టిగుండె. కాలు అందక కట్టె పెట్టించుకున్నడు. పుణె వాళ్ళు పీకేస్తమన్నరు గని, నేనే ఉండనియ్యుండ్రి అన్న" అన్నాడు నిఖిల్. అందరూ నవ్వారు. కాశయ్య సావుకారిని నేను ఎరుగుదును. మా లారీ మెకానిక్ షెడ్డు గుమ్మంలోంచి రావడానికి తల వంచాల్సి వచ్చేంత పొడుగు మనిషి. ఆ చెక్క ఆయన కాలు కోసం చేసింది కాదు. నా కాలు కోసం చేసింది. చేసినవాడు మా నాన్న, మా బాపు.

ఇచ్చోడలో మా ఇల్లూ, బాపు షెడ్డూ ఒకే రేకుల కప్పు కింద ఉండేవి. ముందు సగంలో లారీలు, వెనక సగంలో మేము. నాగ్‌పూర్ నుంచి హైదరాబాద్ పోయే బండ్లన్నీ మా గుమ్మం ముందు నుంచే పోయేవి. ఆ చప్పుడుకు ఎంత అలవాటు పడ్డామంటే, రోడ్డు కాసేపు ఖాళీ అయితేనే మాకు తోచేది కాదు. బాపును అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. పొద్దున లేవగానే షెడ్డు ఊడ్చి, నూనె మరకల మీద కట్టెపొట్టు చల్లి, ఆ తర్వాతే ముఖం కడుక్కునేవాడు. అప్పటికి అమ్మ, మేము అవ్వ అనేవాళ్ళం, జొన్నరొట్టెలు కొడుతూ ఉండేది. పెనం మీద రొట్టె అంచు మాడే వాసన, గేరు ఆయిలు వాసన, పత్తి కాలంలో గాలి నిండా ఎగిరే దూది. కూరలో కూడా దూదిపోగు వచ్చేది. అవ్వ దాన్ని వేలితో తీసి పక్కన పెట్టి ఏమీ జరగనట్టు వడ్డించేది. బాపు బట్టలను మా బట్టలతో కలిపేది కాదు. వాటికి వేరే గంగాళం, వేరే సోడా. అన్నానికి కూర్చునే ముందు బాపు కట్టెపొట్టుతో, సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుని, చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టి "ఇంక వాసనొస్తుందా బిడ్డ?" అని అడిగేవాడు. వచ్చేది. రావట్లేదని చెప్పేదాన్ని.

ఆ బండి ఒక వానాకాలం పొద్దున పత్తి లారీ వెనక తాడుతో కట్టుకుని వచ్చింది. నాగ్‌పూర్ వకీలు ఒకాయన ఎవరో తెల్లవాళ్ళ దగ్గర కొన్నాడట. హైదరాబాద్ పోతుంటే మా ఊరి దగ్గర గేరుబాక్సు విరిగింది. ముక్కు పొడుగు, తోక పొట్టి. ముందు జాలీలో ఇనుపగుర్రం ఒకటి పరుగెత్తుతున్నట్టు ఉంది. అవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికొచ్చి చుట్టూ తిరిగి చూసి, "గిదేం బండయ్యా, ముందటంత ఇల్లున్నది, కూసునేటందుకు జాగ లేదు" అంది. దానికి సామాను ఎక్కడా దొరకలేదు. వకీలు రెండు మూడు సార్లు వచ్చి చూసిపోయాడు. చివరికి విసిగిపోయి, "రఖ్ లో ఉస్తాద్, మేరే బస్ కీ బాత్ నహీఁ" అని, ఇక నా వల్ల కాదు నువ్వే ఉంచుకొమ్మని, సంతకాలు పెట్టి ఇచ్చేసి బస్సెక్కాడు. బాపు ఆ రోజంతా మధ్యమధ్యలో లారీ కింద నుంచి తల బయటికి పెట్టి దాన్ని చూసుకునేవాడు.

పని అయ్యాక పొద్దుగూకే దాకా ఆ బండి దగ్గరే ఉండేవాడు. పళ్ళు విరిగిన చక్రాన్ని నాగ్‌పూర్ పట్టుకుపోయి లేతు మీద కొత్తది కోయించాడు. అది సరిపోక మళ్ళీ పోయాడు. అలా చాలా కాలం సాగింది. నాకంటే నాలుగేళ్ళు పెద్దవాడైన మా రాజన్నకు ఇవేవీ పట్టేవి కావు. బస్టాండు హోటల్లో రేడియో పాటలు వింటూ కూర్చునేవాడు. నేను బడి నుంచి వచ్చి బండి ముందు మడత మంచం వేసుకుని, అది ఏమిటి, ఇది ఎందుకు అని అడుగుతూ ఉండేదాన్ని. బాపు ఒక్క ప్రశ్నకూ విసుక్కోలేదు. మొదటిసారి ఇంజను లేచినప్పుడు షెడ్డు రేకులన్నీ గలగలమన్నాయి. అవ్వ లోపల నుంచి "గిన్నెలు పడ్తున్నయ్, బంద్ చెయ్యి!" అని అరిచింది. బాపు బంద్ చెయ్యలేదు. నన్ను ఎక్కమన్నాడు.

స్టీరింగు ఎడమవైపు ఉన్న బండిని మన రోడ్ల మీద నడపడంలో ఒక ఇబ్బంది ఉంది. ముందు లారీ ఉంటే, నడిపేవాడికి ఎదురుగా వచ్చేది కనబడదు. కుడిపక్కన కూర్చున్న మనిషి చూసి చెప్పాలి. మా బండిలో ఆ మనిషిని నేను. కిటికీలోంచి మెడ చాచి చూసేదాన్ని. "ఉన్నదా బిడ్డ?" అనేవాడు బాపు. "లారీ వస్తుంది, ఆగు" అనేదాన్ని. "ఇప్పుడు?" "ఇంక ఆగు... ఇప్పుడు పో బాపు!" అనగానే మరి చూడకుండా, తటపటాయించకుండా బండిని రోడ్డు మధ్యకు తీసేవాడు. ఒకసారి వెనక సీట్లో ముడుచుకుని కూర్చున్న అవ్వ గుండె పట్టుకుని, "గా పోరి మాట మీద పానాలు పెడ్తవా నువ్వు?" అని లబలబలాడింది. బాపు వెనక్కి తిరగకుండానే అన్నాడు. "దాని కండ్లు నా కండ్లే. అది నాకు అబద్ధం చెప్పది." నేను ఆ మాటను బడిలో వచ్చిన ఏ బహుమతి కంటే ఎక్కువగా దాచుకున్నాను. పదేళ్ళ పిల్ల మాట మీద మా నాన్న ప్రాణాలు పెట్టాడు. అంతకంటే ఏం కావాలి ఏ పిల్లకైనా?

కాస్త పెద్దయ్యాక సీట్లు మార్చాం. జైనూర్ పోయే అడవి రోడ్డులో సంత రోజు తప్ప మనిషి కనబడడు. బాపు నాకు నడపడం అక్కడే నేర్పాడు. నా కాలికి క్లచ్ అందలేదు. ఇంటికొచ్చి నన్ను సిమెంటు అరుగు మీద నిలబెట్టి, పాత కాగితం మీద నా పాదం చుట్టూ పెన్సిలు గీశాడు. టేకుచెక్క తెచ్చి ఆకురాయితో రుద్ది రుద్ది, నా మడమ జారకుండా ఒక అంచు పైకి వదిలాడు. మరునాడు దాన్ని పెడల్‌కు బిగించి "ఇగ తొక్కు" అన్నాడు. ఇప్పుడు కుడిపక్కన ఆయన కూర్చున్నాడు. ఘాటు మలుపులో ముందు పత్తి లారీ పోతోంది. నాకేమీ కనబడడం లేదు. "ఏం లేదు బిడ్డ, పో" అన్నాడు. పోయాను. ఆయన మాట మీద కళ్ళు మూసుకుని పోయినట్టే పోయాను. లారీని దాటి వచ్చాక ఆయన వైపు చూశాను. బాపు నవ్వాడు. అడవి కొసన బండి ఆపి సద్ది విప్పి, రొట్టె, పచ్చిమిరప కారం ఇద్దరం బానెట్టు మీద పెట్టుకుని తిన్నాం. వేడి బానెట్టు మీద చల్లారిన రొట్టె మళ్ళీ మెత్తబడింది.

ఆ వారమే రాత్రి అన్నాలప్పుడు అవ్వ ముందూ, అన్న ముందూ బాపు చెప్పాడు. "దీనికి పద్దెనిమిదేండ్లు నిండి లైసెన్స్ వచ్చిననాడు గా బండి దీనిది." అన్న తల ఎత్తి "మరి నాకు?" అన్నాడు. "నువ్వు స్పానర్ పట్టుమంటే పట్టవు. నీకెందుకు బండి?" అన్నాడు బాపు. అన్న అప్పటికి పదోతరగతి తప్పి ఉన్నాడు. కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. అవ్వ "తినేటప్పుడు గిసోంటి మాటలెందుకు?" అని గొణిగింది. నేను మాత్రం అన్న ముఖం చూడలేదు. నాకు అప్పుడు బండి తప్ప ఇంకేమీ కనబడలేదు.

తర్వాత నేను ఇంటరు చదవడానికి ఆదిలాబాద్ హాస్టలుకు పోయాను. దసరా సెలవులకు ఇంటికొస్తే షెడ్డు మూల ఖాళీగా ఉంది. బండి నిలిచిన చోట నేల మీద నూనె మరక, దాని మీద చల్లిన కట్టెపొట్టు. బాపు పని ఆపి వచ్చి, నన్ను మడత మంచం మీద కూర్చోబెట్టి తాను కింద కూర్చున్నాడు. "బ్లాకు పగిలింది బిడ్డ. అన్ని తీర్ల చూసిన. ఏం జెయ్యలేకపోయిన. నిర్మల్‌ల పాతసామాను వాళ్ళకు ఇచ్చేసిన" అన్నాడు. లోపలికి పోయి గుడ్డలో చుట్టిన దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు. ముందు జాలీలోని ఇనుపగుర్రం. కిరోసిన్‌తో తుడిచి తళతళలాడేలా చేశాడు. "గిదొక్కటి నీకోసం ఉంచిన." నేను ఏడ్చాను. ఆయన కళ్ళల్లోనూ నీళ్ళు చూశాను. చూసి, నా ఏడుపు నేనే దిగమింగి, "పరేషాన్ గాకు బాపు, పోతే పోయింది, నువ్వు ఫికర్ చెయ్యకు" అని ఆయన తల నిమిరాను. ఆ రోజు మా నాన్నను నేను ఓదార్చాను. అవ్వ పళ్ళెంలో అన్నం పెట్టుకొచ్చి "తిను బిడ్డ" అంది. ఆ ఒక్క మాట తప్ప ఇంకేమీ అనలేదు.

ఆ దసరా తర్వాత కొద్ది రోజులకే అన్నకు హుజూరాబాద్‌లో కాశయ్య సావుకారి మిల్లులో నౌకరి దొరికింది. సావుకారి పత్తి లారీలు ఏళ్ళుగా మా షెడ్డు దగ్గర ఆగేవి. తెలిసిన మనిషి, పిల్లవాణ్ణి పెట్టుకున్నాడు అనుకున్నాను. అన్న దారిలో పడ్డాడని నేనూ సంబరపడ్డాను. ప్రతి రాఖీకి మిల్లు వెనక ఉన్న అన్న క్వార్టరుకు పోయేదాన్ని. క్వార్టరు పక్కనే పెద్ద గోదాము, ఎప్పుడూ తాళం. "గటు పోకు చెల్లె, కుక్క ఉన్నది, మంచిది కాదు" అనేవాడు అన్న. ఏ రాఖీకీ ఆ కుక్క మొరిగిన గుర్తు నాకు లేదు. అప్పుడది ఆలోచించలేదు. రాఖీ కట్టి, వదిన పోసిన చాయ్ తాగి, బస్సు అందుకునేదాన్ని.

హాలు దగ్గర ఆ చెక్కను చూశాక నిఖిల్‌ను పక్కకు పిలిచి, మీ తాతకు ఈ బండి ఎవరిచ్చారని అడిగాను. "నాకు సరిగ్గ తెల్వది మేడమ్. బొంబాయి అని ఇంట్ల అంటుంటరు. రాజన్న కాకకు ఎర్క ఉంటది. మా మిల్లుల గుమాస్తా ఉండె. గోదాం తాళం చివరిదాక ఆయన నడుముకే ఉండె" అన్నాడు. రాజన్న కాక మా అన్న అని అతనికి తెలియదు. నేను అప్పుడు చెప్పలేదు. స్టేజీ ఎక్కించి మైకు ఇచ్చారు. పాత బండ్లలో ఆత్మ ఉండేదనో, కొత్త వాటిలో సుఖం ఉందనో, సభలకు పనికొచ్చే మాటలు ఏవో అన్నాను. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు.

మరునాడు నిఖిల్ హుజూరాబాద్ పోతున్నానంటే నన్నూ దింపమన్నాను. కొత్త మస్టాంగ్‌లో తీసుకుపోయాడు. తలుపు తీయగానే నేల మీద గుర్రం బొమ్మ వెలుగుతో పడింది. తాళంచెవి తిప్పడం లేదు, మీట నొక్కితే చాలు. చప్పుడు పెద్దగా కావాలంటే పెంచుకోవచ్చట, ఇరుగుపొరుగుకు ఇబ్బంది అనుకుంటే తగ్గించుకోవచ్చట. పాత బండికి ఆ తెలివి లేదు. దానికి ఒకటే గొంతు, ఊరంతటికీ వినబడేది. ఈ బండిలో స్టీరింగు కుడివైపే ఉంది. మానకొండూర్ దాటాక నిఖిల్ లారీల వెనక నుంచి సర్రున బయటికి తీసి దాటుతున్నాడు. నన్ను ఏమీ అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు, అంతా అతనికే కనబడుతుంది. ఎడమ సీట్లో నేను సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇదే మంచిది అనిపించింది. పక్కన కూర్చున్న మనిషి మాట నమ్మి బండిని ఎదురుబండి ముందుకు తీయాల్సిన పని లేని బండి. మెత్తటి సీట్లూ, ముందున్న తెరా కాదు, నా కళ్ళకు రెండు తరాల మధ్య తేడా అదొక్కటే. యాభై ఏళ్ళు నేను ఆ పాత బండిని తలుచుకుని, అప్పటి మనుషులు ఒకరి మీద ఒకరు ప్రాణం పెట్టేవాళ్ళని రాస్తూ వచ్చాను. నా పుస్తకాల్లో బాపు ఎన్నిసార్లు వచ్చాడో!

"నిఖిల్, మీ రాజన్న కాక మా అన్ననే" అన్నాను. అతను వేగం తగ్గించాడు. "గా బండి మా బాపుది. కట్టె పెట్టింది నా కాలుకు." అతను మెల్లగా "నాకు తెల్వది మేడమ్, ఒట్టు. గా బోర్డు మీద రాసింది మార్పిస్త" అన్నాడు. అతని తప్పేమీ లేదు. మార్చాల్సింది బోర్డు కాదని అతనికి ఎలా చెప్పను?

అన్న వాకిట్లో కుర్చీ వేసుకుని మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. నేను నిఖిల్ బండి దిగడం చూశాడు. ఆ చూపుతోనే నాకు సగం తెలిసిపోయింది. వదిన సంబరంగా "చెప్పకుంట వచ్చినవేంది, కూసో, చాయ్ పెడ్త" అని లోపలికి పోయింది. నేను కూర్చోలేదు.

"బండి చూసిన అన్నా" అన్నాను.

అన్న నూనె సీసా మూత పెట్టాడు. చాలాసేపు పట్టింది ఆ మూత పెట్టడానికి.

"ఎవలిచ్చిండ్రు సావుకారికి?"

"బాపే."

"బ్లాకు పగిలిందన్నడు గద?"

"పగుల్లే చెల్లె. మంచిగనే ఉండె. నువ్వు హాస్టల్ల ఉన్నప్పుడు బాపే నడుపుకుంట తీసుకొచ్చి ఈడ అప్పజెప్పిండు. సావుకారికి గా బండంటే పానం. నాకు నౌకరి ఇస్తనన్నడు, బండి ఇస్తెనే అన్నడు. గప్పుడు నాకు దిక్కేమున్నది? పది తప్పితి. షెడ్డు పని రాకపాయె. బాపు ఎన్ని దినాలు సాదుతడు?"

"నడుపుకుంట తెచ్చిండా?" అని అడిగాను. నా మనసు ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. ఇచ్చోడ నుంచి హుజూరాబాద్ దాకా బాపు ఆ బండిని నడిపాడు. దారి పొడవునా లారీలు. "కుడిపక్కన ఎవలు కూసున్నరు?"

అన్న తల దించుకున్నాడు. "నేనే."

వంటింట్లో గిన్నె చప్పుడు అయింది. గుర్రం గురించి అడిగాను. అది తనకు గుర్తుందన్నాడు. బండి అప్పజెప్పాక, సావుకారిని బతిమాలి బాపు ఆ గుర్రాన్ని విప్పుకున్నాడట. "చెల్లె నమ్మాలె గద" అన్నాడట. ఆ రోజు గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది జ్ఞాపకం అనుకున్నాను. సాక్ష్యం అది. నేను నమ్మడానికి తయారుచేసిన సాక్ష్యం. దాన్ని కిరోసిన్‌తో ఎంత శ్రద్ధగా తుడిచాడో!

"అవ్వకు?"

"అవ్వకు ఎర్కే. నువ్వు ఏడుస్తవని ఎవ్వరం చెప్పలే."

"ఏడిస్తే ఏమైతుండె అన్నా? ఏడిసి ఊకుందును. బాపు నన్ను కూసోబెట్టి, గిట్ల అన్నకు నౌకరి గావాలె బిడ్డ, బండి ఇయ్యాలె అంటే, నేను ఇయ్యనందునా?"

"ఇస్తవని బాపు గూడ అన్నడు" అన్నాడు అన్న. "అందుకే అడగలేకపోయిండు. అడిగితే ఇస్తది, ఇచ్చి, మాట తప్పినోన్ని చూసినట్టు జిందగంత నన్ను చూస్తది అన్నడు."

అది విని నాకు కోపం తగ్గాల్సింది. తగ్గలేదు. ఇంకా పెరిగింది. నేను ఎలా చూస్తానో కూడా ఆయనే తేల్చేసుకున్నాడు. నన్ను అడగకుండా నా మనసులో ఏముందో వాళ్ళు ముగ్గురూ కూర్చుని నిర్ణయించి, నాకు ఒక కథ అల్లి పెట్టారు. నేను ఆ కథలో ఇన్నేళ్ళు బతికాను. నిర్మల్ మీదుగా పోయిన ప్రతిసారీ పాతసామాను కొట్ల వైపు చూసేదాన్ని, మా బండి ఇక్కడే ముక్కలైందని. పక్కన బాపు ఉంటే, తాను కూడా అటు చూసి నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పులను ఇప్పుడు ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు.

"ఒకసారి చెప్తనన్నడు" అని అన్న మళ్ళీ మొదలుపెట్టాడు. అడగకుండానే. ముసలితనంలో మనుషులు ఒక మాట బయటికొచ్చాక ఇక ఆపలేరేమో. "పోయే ముందట. నువ్వు మంచం పక్కపొంటి కూసున్నవు చూడు, గప్పుడు."

నాకు గుర్తొచ్చింది. బాపు చివరి రోజులు. ఎముకల మీద చర్మం, చేతుల మీద మాత్రం అవే నల్లటి గీతలు. నా చెయ్యి పట్టుకుని "బిడ్డ, గా బండి..." అన్నాడు. ఆగాడు. మళ్ళీ "గా బండి..." అన్నాడు. బండి పోయిన బాధ ఆయన్ను ఇంకా వదల్లేదనుకుని నేను "పోనీ బాపు, గదిప్పుడెందుకు" అని నుదురు తుడిచాను. అప్పుడు అన్న వెనక నుంచి వచ్చి, "డాక్టరు మాట్లాడద్దన్నడు బాపు, పండుకో" అని దుప్పటి పైకి లాగాడు. ఆ డాక్టరు మాట నిజమే అనుకున్నాను.

"నేనే వద్దన్న" అన్నాడు అన్న. "చెప్తే నువ్వు నా గడప తొక్కవని భయమైంది. నాకున్నది నువ్వొక్కదానివే గద చెల్లె."

బాపు ఇచ్చేశాడు. అబద్ధం చెప్పాడు. కానీ చివరికి ఆయన నోరు తెరిచాడు. ఆ నోటి మీద దుప్పటి లాగింది నా ఎదురుగా మోకాళ్ళు పట్టుకుని కూర్చున్న ఈ మనిషి. బాపు మీద కోపం తీర్చుకోవడానికి ఆయన లేడు. ఉన్న ఒక్కడూ ఇలా చూస్తున్నాడు, పదోతరగతి తప్పిన నాటి ముఖంతో. ఆ రాత్రి కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయినప్పుడు ఇలాగే ఉండి ఉంటుంది ఆ ముఖం. అప్పుడు చూడలేదు, ఇప్పుడు చూశాను. జాలి వేసింది. జాలి వేసినంత మాత్రాన విరిగిన మనసు అతకదని కూడా అప్పుడే తెలిసింది.

వదిన చాయ్ తెచ్చింది. అల్లం దంచి వేసింది, నాకు ఇష్టమని. కప్పు అరుగు మీద పెట్టి మా ఇద్దరి ముఖాలూ చూసి అక్కడే నిలబడిపోయింది. నేను చెప్పులు వేసుకున్నాను.

"చాయ్ తాగిపో చెల్లె" అన్నాడు అన్న. "రాఖీకి వస్తవు గద?"

మా వైపు ఎవరింటి నుంచి బయలుదేరినా, ఎంత తొందరలో ఉన్నా, "పోయొస్త" అంటాం. చావు ఇంటి నుంచి తప్ప ఒట్టి "పోత" అనం. అన్న హుజూరాబాద్ వచ్చినప్పటి నుంచి అన్న గడప దగ్గర ప్రతి రాఖీకీ "పోయొస్త అన్నా" అనే వెళ్ళాను.

"పోత అన్నా" అన్నాను.

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను బస్టాండు వైపు నడిచాను.